బాపు కట్టిన మరమనిషి వేషం

మరమనిషికి నిజంగా మనసుంటుందా అని ఎవరైనా అడిగితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అడిగినవాళ్ల మీద కాదు, ఆ ప్రశ్న మీదే. ఒక వినాయక చవితికి ముందు ఆ ప్రశ్న పట్టుకుని, బాపు అని నేను పిలిచే మా నాన్నా నేనూ ఇంట్లో వాదించుకోని పూట లేదు. మా అమ్మ ఇద్దరికీ అన్నం పెట్టి, తన కంచం తీసుకుని మా గొంతులు వినపడని చోటికి వెళ్లి తినేది. ఆ గొడవ ఇంకా తేలలేదని నేనంటాను. ఎప్పుడో తేలిపోయిందని బాపు అంటాడు.

అప్పటికి శంషాబాద్‌కు విమానాశ్రయం వచ్చి మూడు నాలుగేళ్లయింది. మా ఊరు సాతంరాయి దాటాక, బెంగళూరు రోడ్డు నుంచి కొంచెం లోపలికి ఉంటుంది. విమానాలు మా ఇళ్ల మీదుగానే దిగేవి. కొత్తలో జనం పనులాపి తలెత్తి చూసేవారు. తర్వాత చూడటం మానేశారు గానీ ఒక అలవాటు మాత్రం మిగిలిపోయింది. మాట్లాడుతుండగా విమానం చప్పుడు దగ్గరపడితే మాట మధ్యలోనే ఆగిపోయేవారు. అది వెళ్లిపోయాక ఆగిన చోటి నుంచే అందుకునేవారు. "నిన్న మా కోడలు" అని నోరు తెరిచి అలాగే ఉండిపోయిన మనిషి, చప్పుడు తగ్గాక "పుట్టింటికి పోయింది" అని పూర్తి చేసేది. ఎదుటివాళ్లూ అంతసేపూ కదలకుండా నిలబడేవారు. కొత్తగా వచ్చిన చుట్టాలు మా ఊరికేదో గాలి సోకిందనుకునేవారు.

నేను శంషాబాద్‌లో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. ఆదివారం వస్తే అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల ముందు గొంతుక్కూర్చునేవాణ్ణి. అక్కడ దొరికిన మరమనుషుల కథలు ఏ భాషలో ఉన్నా వదలలేదు. చదవడం ఇష్టం, చదివాక తిట్టడం ఇంకా ఇష్టం. ఆ కథల్లో ఒకటే తంతు. మొదట్లో యంత్రం చెప్పిన పని చేస్తుంది. మధ్యలో దానికి అనుమానాలు మొదలవుతాయి. చివర్లో "నన్ను ఆపొద్దు" అంటుంది, చదివేవాడు కళ్లు తుడుచుకుంటాడు. నేను కళ్లు తుడుచుకునే రకం కాదు. గడియారం పన్నెండు కొట్టినంత మాత్రాన పన్నెండయిందని దానికి తెలిసినట్టా? "నాకు నొప్పిగా ఉంది" అని రేడియోలో వినపడితే నొప్పి రేడియోకా? బాధపడుతున్నట్టు మాట్లాడటం వేరు, బాధపడటం వేరు. ఈ చిన్న సంగతి అర్థం కాకనే అంతంత లావు పుస్తకాలు రాస్తున్నారని స్టాఫ్ రూములో బల్ల గుద్ది చెప్పేవాణ్ణి. ఇంట్లో అమ్మకు కూడా చెప్పాను. అమ్మ అంతా విని, "అయితే ఏంది ఇప్పుడు?" అంది.

అలాంటి సమయంలో మా ఊరి గణేశ్ మండపం కమిటీ కుర్రాళ్లు ఇంటికొచ్చారు.

"అన్నా, ఈసారి మండపం కాడ జర కొత్తగ చేయాలె. ఒక దినం భజన, ఒక దినం ఉద్యమం పాటలు, ఎప్పుడు గివే. నువ్వు రాస్తవంట గద, మంచి నాటకం ఒకటి రాయి. బాలాపూర్ దాక పేరు పోవాలె."

వాళ్లు గేటు దాటకముందే నేను కాగితాలు ముందేసుకున్నాను. నాటకం చిన్నది. రాబోయే కాలంలో శంషాబాద్‌లో ఒక ఆసామి. ఆయన ఇంట్లో ఒక మరమనిషి. చాయ్ పెడుతుంది, నీళ్లు పడుతుంది, తిట్లు తింటుంది. కొత్త మోడల్ మరమనిషి రేపు వస్తుందనగా ఆసామి పాతదాన్ని ఆపేయాలనుకుంటాడు. అది "నన్ను ఆపొద్దు" అంటుంది. ఆయన వీపు మీది స్విచ్ నొక్కుతాడు. గుండె దగ్గర బల్బు ఆరిపోతుంది, నాటకం అయిపోతుంది. ఆ తర్వాత ఒక్క మాట గానీ సంగీతం గానీ ఉండకూడదు. జనం ఏడవబోయి, మధ్యలో ఆగి, "అరే, మనం ఒక డబ్బా కోసం ఏడుస్తున్నామా" అని సిగ్గుపడాలి. పుస్తకాలు రాసేవాళ్లు చేసే మోసం మా ఊళ్లో ముందుగా బయటపడాలి. నా పథకం అదీ.

ఆసామి వేషానికి కిరాణా దుకాణం నడిపే అన్న అడగ్గానే ఒప్పుకున్నాడు. ఆయన గొంతు మైకు లేకుండానే రోడ్డు దాకా వినిపిస్తుంది. మరమనిషి వేషానికి మాత్రం ఎవరూ ముందుకు రాలేదు. "అంతసేపు డబ్బాల ఎవడుంటడన్నా, ఉడికిపోతం" అన్నారు కుర్రాళ్లు.

"నేను కడ్త" అని వసారాలోంచి వినపడింది.

అది బాపు గొంతు. మా బాపు రైతు. పొలంలో కొంత విమానాశ్రయం కిందికి పోగా మిగిలిన దాంట్లో టమాట, వంకాయ వేస్తాడు. కానీ వయసులో ఉన్నప్పుడు ఆయన ఊరి భాగోతం దళంలో పేరున్న వేషగాడు. రైతులే గురువును పెట్టుకుని, పంట పనులయ్యాక దరువులు నేర్చుకుని, పక్క ఊళ్లకు కూడా వెళ్లి ఆడేవారట. ఇంటింటికీ టీవీ వచ్చాక ఆ దళం విడిపోయింది. నాకు ఊహ తెలిశాక బాపు వేషం కట్టడం నేను చూడలేదు.

"ఏం కడ్తవ్?" అంది అమ్మ.

"వేషం" అన్నాడు. ఆ ఒక్క మాట అనడానికి ఆయన గొంతు సవరించుకోవాల్సి వచ్చింది. ఊరి ముందు మళ్లీ ఒక్కసారి వేషంతో నిలబడాలని ఆయనకు ఎంత ఆశ ఉందో నాకు అప్పుడే తెలిసింది. తెలిసి కూడా నా మనసులోకి ముందొచ్చిన మాట, మరమనిషికి మాటలు తక్కువ, బాపు మరిచిపోయినా ఫరవాలేదని.

రిహార్సల్ మొదటి రోజే పేచీ మొదలైంది.

"దరువేదిరా?" అన్నాడు బాపు.

"దరువు లేదు. మరమనిషి పాడది."

"పాటలేని వేషం ఏం వేషంరా! పోనీ గజ్జెలన్న కట్టుకుంట."

"మరమనిషికి గజ్జెలేంది బాపూ!"

బాపు అలిగి కాసేపు కూర్చున్నాడు. అలకలో ఉండగానే అసలు ప్రశ్న వేశాడు.

"సరే, వీనికి లోపట ఏముంటది?"

"ఏముండదు. వైర్లుంటయ్."

"వైర్లు గాదు. ఆసామి తిట్టినప్పుడు లోపట ఏమైతది?"

"ఏం గాదు. తిట్టు చెవులకు పోతది, పని చేతుల నుంచి వస్తది. నడుమ ఎవరు లేరు. నువ్వు ఏం నటించొద్దు. చెప్పింది చెప్పు, గంతే."

"నడుమ ఎవరు లేకుంటే నన్నెందుకు పెట్టినవ్? ఒక కూలర్ డబ్బ నిలబెట్టి ఎనక నుంచి నువ్వే మాట్లాడు."

"డబ్బ నడుస్తదా?"

"మరి నడిపిచ్చేటోడు నడుమ ఉన్నట్టే గద!"

నాకు చిర్రెత్తింది. నడిపించేవాడు నటుడు, మరమనిషి కాదని చెప్పాను. నాటకంలో రాజు వేషం కట్టినంత మాత్రాన నటుడు రాజు కాడు, అలాగే మనిషి లోపల దూరినంత మాత్రాన డబ్బాకు మనసు రాదు. ఈ వాదన నాకు ఇప్పటికీ గట్టిదిగానే అనిపిస్తుంది. బాపు మాత్రం దాన్ని ఈగను తోలినట్టు తోలేశాడు.

"రాజు వేషం కట్టినప్పుడు నేను రాజును గాదని జనానికి ఎర్కనేరా. అయినా ఆ కిరీటం నెత్తి మీదున్నంతసేపు మీ అమ్మగూడ నన్ను వరస పెట్టి పిలవకపోయేది. అది వేషం మర్యాద. వేషంల ఉన్నోడు ఎవరికి మొగుడు గాదు, ఎవరికి బాపు గాదు. పిలిచినా పలకడు."

అమ్మ లోపలి నుంచి, "అప్పుడు గూడ పిలిస్తే పలకలే, ఇప్పుడు గూడ పలకడు" అంది.

రోజులు గడిచేకొద్దీ బాపు ఆ మరమనిషిని తనదిగా చేసుకున్నాడు. సాయంత్రాలు వాకిట్లో దాని నడక అభ్యాసం చేశాడు. నేను చెప్పిన బిగుసుకుపోయిన నడక ఆయనకు నచ్చలేదు. వీడు ఏళ్ల తరబడి పని చేసినవాడు, కొంచెం ఈడ్చి నడవాలన్నాడు. మిషన్ అలసిపోదని నేను, బోరు మోటరు కాలిపోదా అని ఆయన. మధ్యలో విమానం వస్తే ఇద్దరం వేలు చూపించుకుంటూ నోళ్లు తెరుచుకుని ఆగేవాళ్లం. అది పోగానే అక్కడి నుంచే మళ్లీ పట్టుకునేవాళ్లం. గోడ మీద కూర్చుని చూసే కుర్రాళ్లు నాటకం కంటే ఇదే బాగుందనేవారు.

వేషం తయారీ మాత్రం నేనే చేశాను. ఒంటికి కూలర్ వచ్చిన అట్టపెట్టె, తలకు బోర్లించిన పెయింట్ బకెట్, రెండింటికీ వెండి కాగితం. బకెట్‌కు కళ్ల దగ్గర రెండు కంతలు. ఛాతీ మీద టార్చి బల్బు, వీపు మీద ఇంట్లో గోడకుండే మామూలు స్విచ్, లోపల బ్యాటరీలు. బల్బు మొదటిసారి వెలిగినప్పుడు బాపు చిన్నపిల్లాడిలా నవ్వాడు. మర్నాడు పొద్దున లేచి చూస్తే బకెట్ పీట మీద ఉంది. దానికి బొట్టు ఉంది. ముందర కొబ్బరికాయ కొట్టి ఉంది.

"బకెట్‌కు బొట్టేంది బాపూ?" అని అరిచాను.

"కిరీటానికి పెట్టనా మరి? దసరాకు నీ బండికి నిమ్మకాయలు తొక్కిచ్చింది ఎవరు?"

"అమ్మ!"

"నువ్వు బండి మీద కూసుండే ఉంటివి గద" అని అమ్మ తనవంతు ఆజ్యం పోసింది. నిజమే. కాలేజీలో కూడా ఆ పండగకు లాబ్ తలుపు తీసి తరాజుకూ బ్యాటరీలకూ దండలు వేసింది మేమే. అది మొక్కు కాదు, ఆచారం అని గొణిగాను. ఆ రెండింటికీ తేడా ఏమిటో చెప్పమని బాపు అడగలేదు, అదే మేలు.

అసలు ముడి చివరి సీను దగ్గర పడింది. స్విచ్ నొక్కగానే బల్బు ఆరాలి, తల వాలాలి, తెర పడాలి. అదంతా సరే అన్నాడు బాపు. "తర్వాత నన్ను ఎవరు లేపుతరు?" అన్నాడు.

"ఎవరు లేపరు. అయిపోయింది."

ఆయన ముఖం మారింది. అప్పటి దాకా వేళాకోళమాడిన మనిషి నెమ్మదిగా చెప్పాడు. మా ఊరి భాగోతంలో ఒక కట్టుబాటు ఉందట. ఆటలో ఏ వేషం చనిపోయినా, మంగళహారతి పాడే ముందు దాన్ని అందరి ఎదుటా లేపాలి. లేపకుండా వేషం విప్పకూడదు. విలన్ అయినా సరే, తల నరికించుకున్నవాడైనా సరే, లేచి నిలబడి హారతి తీసుకోవాలి. చంపేసి అలా వదిలేసి జనాన్ని ఇంటికి పంపకూడదు. గురువు ఆయన చేత ప్రమాణం చేయించుకున్నాడట.

"బాపూ, అది మనుషుల ఆటకు. ఇది బతికిందే లేదు. బతకనిదాన్ని లేపుడేంది? లేపితే నా నాటకానికి అర్థమే లేదు."

"బతకనిది సచ్చుడెట్లరా మరి?"

"సావలే. ఆగింది. ఫ్యాన్ ఆగినట్టు."

"ఫ్యానుకు 'నన్ను ఆపొద్దు' అని మాటలెందుకు రాసినవ్?"

నేను జవాబు చెప్పేలోపు ఆయన లేచి వెళ్లిపోయాడు. ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. నాకు తెలుసు, ఆయన భయపడుతున్నది దేవుడికి కాదు. ఇన్నేళ్ల తర్వాత దొరికిన ఒక్క వేషాన్ని చచ్చిన వేషంగా వదిలేసి దిగడానికి ఆయనకు మనసొప్పడం లేదు. ఊరు తనను చివరిసారి అలా చూడకూడదు. ఆ సంగతి తెలిసీ నేను నా చివరి సీను వదలలేదు. నాకు నా నాటకమూ అంత ప్రాణమే.

పొద్దున బాపే రాజీకి వచ్చాడు. "నీ ఆట నువ్వు చెప్పినట్టే ఆడుతం. స్విచ్ నొక్కంగనే ఆగిపోత. తెర వద్దు, అందరు చూడనియ్యి. నేను కదల. ఎవరన్న మళ్ల స్విచ్ ఏస్తే లేస్త, మంగళం పాడుత, గెలిచింది నేను. ఎవరు ఏయకుంటే వాడు ఉత్త డబ్బనే. నువ్వు గెలిచినట్టు. బకెట్ తీసి పక్కకు పెట్టి నేనే దిగొస్త."

"ఎంతసేపు చూడాలె?"

"జనం ఇంటికి పోయేదాంక."

నాకు ఇంతకంటే ఏం కావాలి? జనంలోంచి లేచొచ్చి ఒక డబ్బాకు స్విచ్ వేసేవాడెవడు? సంతోషంగా చేయి కలిపాను.

నాటకం రోజు పొద్దుగూకకముందే మండపం ముందు చాపలు నిండిపోయాయి. ఎప్పటిలాగే కరెంటు పోయింది, జనరేటర్ మొదలైంది. బాపు గణపతికి మొక్కి, బకెట్‌కు మొక్కి, తల మీద పెట్టుకున్నాడు. నేను పక్కనుంచి మాటలు అందించడానికి గుడ్డ చాటున నిలబడ్డాను.

మొదటి సీనులోనే ఊరు ఆయన పక్షాన చేరిపోయింది. ఆసామి కుర్చీలో కూర్చుని భోజనం చేస్తున్నాడు, మరమనిషి పక్కన నీళ్ల చెంబుతో నిలబడి ఉంది. చాప మీద ముందు వరుసలో కూర్చున్న ముసలవ్వ ఒకామె ఉండబట్టలేకపోయింది.

"ఓ దుకాణపోడా! నువ్వే తింటున్నవ్, పొద్దుగాల నుంచి పనిజేస్తున్నడు, వానికి పెట్టవా?"

జనం ఘొల్లుమన్నారు. కిరాణా అన్న తడుముకోకుండా, "వాడు అన్నం తినడవ్వా, కరెంటు తాగుతడు" అన్నాడు.

"మరి కరెంటన్న పొయ్యి!"

"మన ఊళ్లె కరెంటెక్కడిదవ్వా, పోయి గంటాయె."

ఆ నవ్వులు ఆగడానికి చాలాసేపు పట్టింది. బకెట్ లోపల బాపు నవ్వాడో లేదో నాకు తెలీదు. చెంబు కూడా కదల్లేదు. నేను చెప్పింది చెప్పినట్టు చేస్తున్నాడు. గజ్జెల్లేవు, విరుపుల్లేవు. ఆసామి తిట్టినప్పుడు బకెట్ ఒక్క రవ్వంత పక్కకు వాలేది, అంతే. ఆ రవ్వంత నేను రాయలేదు. కానీ అభ్యంతరం పెట్టడానికి కూడా అది చాలదు. ఆయన ఇంత బాగా చేస్తాడని నేను అనుకోలేదు. గుడ్డ చాటున నిలబడి గర్వపడ్డాను, పైకి చెప్పలేదు.

చివరి సీను వచ్చింది. "నన్ను ఆపొద్దు" అన్నాడు బాపు. ఏ భావమూ లేకుండా, బస్టాండులో బస్సు పేరు చెప్పినట్టు చెప్పాడు. నిజాయితీగా ఆడాడు, జనాన్ని ఏడిపించడానికి గొంతు వణికించలేదు. కిరాణా అన్న స్విచ్ నొక్కాడు. బల్బు ఆరింది, తల వాలింది.

తర్వాత చప్పట్లు, ఈలలు. నేను జనం ముఖాలు ఒక్కొక్కటే వెతికాను. ఎవరి కళ్లలోనూ నీళ్లు లేవు. "అయిపోయిందా? మంచిగుంది" అంది ముసలవ్వ, పక్కామె చేయి పట్టి లేపుతుంటే మోకాళ్లు పట్టుకుని లేచింది. జనం చాపలు దులుపుకుని పులిహోర దగ్గరికి కదిలారు. నేను గెలిచాను! ఎగిరి గంతేయాలనిపించింది. ఎవరికీ ఒక డబ్బా కోసం ఏడుపు రాలేదు. మా ఊరి జనం అంత తెలివైనవాళ్లు.

బాపు అలాగే నిలబడి ఉన్నాడు.

అప్పుడే ఒక విమానం వచ్చింది. పులిహోర పెట్టేవాడి గరిట గాల్లో ఆగింది. తీసుకునేవాళ్ల విస్తరాకులు ఆగాయి. వేదిక మీద బాపుకూ కింద జనానికీ కాసేపు తేడా లేకుండా పోయింది. అది వెళ్లిపోయింది. గరిట కదిలింది, మాటలు మొదలయ్యాయి. బాపు కదల్లేదు. "తాతా, ఇమానం పోయింది!" అని పిల్లలు అరిచి పడీపడీ నవ్వారు. పెద్దలూ నవ్వారు. అమ్మ వేదిక దగ్గరికి వచ్చి, "ఇగ చాలు, దిగు. పులిహోర అయిపోతుంది" అంది. జవాబు లేదు. "నేను చెప్పలే, వేషం కడితే పలకడు" అని అందరితో చెప్పి అమ్మ కూడా నవ్వింది.

నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. పందెం పందెమే. మొండితనంలో మా ఇంట్లో ఎవరూ ఎవరికీ తీసిపోరు. జనం ఇళ్లకు పోనీ, ఆయనే దిగొస్తాడు.

కానీ నవ్వు ఎంతసేపని ఉంటుంది? మెల్లగా పలచబడింది. పులిహోర తింటున్నవాళ్లు వేదిక వైపు చూస్తూ తింటున్నారు, ఇళ్లకు పోవడం లేదు. కిరాణా అన్న నా దగ్గరికి వచ్చి చెవిలో, "జర చూడు తమ్మీ, ఆ డబ్బాల గాలి ఆడుతుందా లేదా? గంత ఉడకల..." అని మధ్యలో ఆపేశాడు. ఈసారి విమానం కూడా లేదు. అమ్మ నవ్వడం మానేసి నా వైపు చూసింది.

నటిస్తున్నాడని నాకు తెలుసు. మా బాపు సంగతి నాకు తెలీదా? అయినా వేదిక ఎక్కాను. దగ్గరికి వెళ్లి బకెట్ కంతల్లోకి చూశాను. చీకటి. చెవి ఆనించాను. జనరేటర్ మోత తప్ప ఏమీ వినపడలేదు. అట్టపెట్టె మీద చేయి వేశాను, వేడిగా ఉంది. అది ఆయన ఒంటి వేడో, లైట్ల వేడో తెలీలేదు. "బాపూ" అన్నాను మెల్లగా. వేషంలో ఉన్నవాణ్ణి వరస పెట్టి పిలిస్తే పలకడని నాకు ముందే చెప్పాడు. అందుకే పలకలేదు. లేదా పలకలేకపోతున్నాడు. బయటి నుంచి చూస్తే ఈ రెండూ ఒకేలా ఉంటాయి.

బయట కనిపించేదాన్ని బట్టి లోపల ఎవరో ఉన్నారని అనుకోకూడదని స్టాఫ్ రూములో బల్ల గుద్ది చెప్పినవాణ్ణి నేను. ఇప్పుడు నా చేతిలో బయట తప్ప ఏమీ లేదు. బయట కనిపించినదాన్ని బట్టే అమ్మ బాధ తెలుసుకున్నాను, దాన్ని బట్టే క్లాసులో పిల్లలకు అర్థమైందో లేదో పోల్చుకున్నాను. ఇన్నేళ్లుగా అంతా అలాగే నడిచింది. ఎవరి లోపలికీ తొంగి చూసింది లేదు. ఈ ఆలోచనలన్నీ అంత వరసగా వచ్చాయని చెప్పను. అప్పుడు ఉన్నది ఒకటే, భయం.

బకెట్ ఎత్తేస్తే సరిపోయేది. రెండు చేతులూ దాని మీదికి వెళ్లాయి కూడా. ఎత్తలేకపోయాను. ఊరంతా చూస్తుండగా, లేవకముందే, హారతి లేకుండా ఆ తల తీసేయడానికి చేతులు రాలేదు. వీపు వెనక్కి వెళ్లి స్విచ్ వేశాను.

బల్బు వెలిగింది. బకెట్ మెల్లగా లేచింది, అటూ ఇటూ తిరిగింది. "లేచిండు!" అని ముసలవ్వ కేక వేసింది. పులిహోర చేతులతోనే జనం చప్పట్లు కొట్టారు. చివరి సీనుకు కొట్టినవి వీటి ముందు ఏమీ కావు. అంతసేపూ ఏడవని మనుషులు ఇప్పుడు కళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నారు. బాపు రెండు చేతులూ జోడించి, బకెట్ లోపలి నుంచే, నేను వద్దన్న పాట ఎత్తుకున్నాడు. మంగళహారతి మొత్తం పాడాడు. ఒక్క మాట తప్పు పోలేదు. భాగోతం రోజులు చూసిన పెద్దవాళ్లు కింద నుంచి వంత పాడారు. కమిటీ కుర్రాడు పళ్లెం తెచ్చి గణపతికి హారతి ఇచ్చి, తర్వాత మరమనిషికి ఇచ్చాడు. నేను ఆపలేదు.

మండపం వెనక బకెట్ తీశాక చూస్తే బాపు చెమటలో తడిసి ముద్దయి ఉన్నాడు. ముఖం మాత్రం వెలిగిపోతోంది. చెంబెడు నీళ్లు గటగటా తాగేశాడు. అమ్మ కొంగుతో ఆయన మెడ తుడుస్తూ నానా తిట్లూ తిట్టింది.

"గిట్ల భయపెడ్తరా ఎవరన్న?" అని నేనూ అరిచాను.

బాపు ఇంకొన్ని నీళ్లు తాగి, చెంబు కింద పెట్టాడు. "ఎవర్ని లేపినవ్ రా?" అన్నాడు.

"నిన్నే! ఇంకెవర్ని? డబ్బాల ఉన్నది నువ్వని నాకు తెల్వదా? వాడు ఉత్త డబ్బనే. నేను భయపడ్డది నీ కోసం."

"నా కోసమైతే బకెట్ తీయాలె గద బిడ్డా" అన్నాడు బాపు, చాలా మెల్లగా. "స్విచ్చెందుకు ఏసినవ్?"

అమ్మ చేయి ఆయన మెడ మీద ఆగిపోయింది. ఇద్దరూ నా వైపే చూస్తున్నారు. నేను ఆయన వెనక్కి వెళ్లి అట్టపెట్టెకు అంటించిన టేపు ఊడదీయడం మొదలుపెట్టాను. ఎదురుగా నిలబడితే నవ్వేస్తానో ఏడ్చేస్తానో నాకే తెలీలేదు.